సారు మారితే ఆట మానాలా?

"నేనిక గ్రౌండుకి పోనమ్మా!"

బళ్లు తెరిచిన రెండో వారంలో ఓ సాయంత్రం మా చిన్నమ్మాయి ఈ మాటని, బూట్ల సంచీని మంచం కిందికి తన్నేసింది. దాని వయసు పదమూడు. మూడేళ్ల నుంచీ ఫుట్‌బాల్ ఆడుతోంది. హన్మకొండలో మా ఇంటి నుంచి గ్రౌండుకి సైకిలు మీద పది నిమిషాలు. పొద్దున్న అయిదున్నరకి నేను పాలపాకెట్టు కత్తిరించే వేళకి అది లేసులు బిగించుకుని గేటు దాటేసేది. ఓసారి జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే మాత్ర మింగి మరీ వెళ్లింది. అలాంటి పిల్లకి ఏమయిందోనని కంగారు పడ్డాను.

ఏమీ కాలేదు. దాని కోచ్ సారుకి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది, వెళ్లిపోయారు. ఆయన జాగాలో కొత్తగా ఒకబ్బాయి వచ్చాడు. సంగతి ఇంతే.

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. పైకి "అయ్యో, అదేంటే" అన్నాను గానీ లోపల హమ్మయ్య అనుకున్నాను. ఎండకి ముఖం కమిలిపోతోంది, మోకాళ్ల నిండా దెబ్బలు, రెండేళ్లు పోతే పదో తరగతి... దానంతట అదే మానేస్తే మనం చెడ్డవాళ్లం కాకుండా పని జరిగిపోతుంది కదా! మా అత్తమ్మయితే మనసులో మాట దాచుకోలేదు. "మంచిగైంది తీ. పాత సారంటే పెద్దమనిషి, తండ్రసొంటోడు. గీ అచ్చినోడు ఎట్లాంటోడో ఏమో. ఆడపిల్ల పెద్దగైతున్నది బిడ్డా, ఇగ చాలు" అన్నది. మావారు పేపర్లోంచి తలెత్తకుండా "దానిష్టం. పోనంటే బలవంతమెందుకు?" అన్నారు. ముగ్గురం మూడు రకాలుగా ఒకే మాట చెప్పాం. ఎందుకు పోవే అని మాత్రం ఒక్కరం కూడా అడగలేదు.

అడిగేలా చేసింది ఓ సినిమా.

ఆ ఆదివారం టీవీలో 'మైదాన్' పెట్టుకుని చూశాం. 2024లో వచ్చిన హిందీ సినిమా. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కథ. రహీంగా అజయ్ దేవగన్ వేశాడు. సినిమా అయిపోయి అందరం అన్నాలకి లేచినా ఇది మాత్రం కూచున్న చోటు నుంచి కదల్లేదు. "రహీం సాబ్ చనిపోయినంక ఆ ప్లేయర్లందరూ ఏం చేసిన్రమ్మా?" అంది.

నాకేం తెలుసు? కథలు రాసుకునేదాన్ని. ఫుట్‌బాల్‌కి ఎంతమంది కావాలో కూడా దీని పుణ్యమా అనే తెలుసుకున్నాను. కానీ దాని గొంతు విన్నాక, అది అడుగుతున్నది సినిమా గురించి కాదని అర్థమయింది. నాలుగు రోజులు కూచుని, పాతవీ కొత్తవీ దొరికినవన్నీ చదివాను. రాత్రి అన్నాల దగ్గర దానికి వంతులవారీగా చెప్పాను.

రహీం మొదట బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు బొంబాయి వెళ్లి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఫుట్‌బాల్‌లో మనకి అలాంటి రోజులుండేవని నాకు ఈ వయసులో తెలిసింది!

ఆయన నేర్పే తీరు చిత్రంగా ఉండేదట. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. ఎడంచేత్తో ముగ్గు వెయ్యమంటే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకుని మనుషుల్ని తప్పించుకుంటూ పరిగెత్తకూడదని ఇంకో పోటీ. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాల్సిందే.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం కథ మా పిల్లకి మరీ నచ్చింది. లేనింటి పిల్లాడు. ఆట చూసి రహీం హైదరాబాద్ వచ్చి నేర్చుకోమంటే, రోజూ అంత దూరం రావడానికి నా దగ్గర డబ్బుల్లేవు అన్నాడట. సైకిలు అద్దెకి రహీమే తన జేబులోంచి డబ్బులిచ్చారు. ఆ సైకిలెక్కిన కుర్రాడు ఇరవయ్యేళ్లకి మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వెళ్లాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... ఈ ముగ్గురి పేర్లూ జనం కలిపే చెప్పుకునేవారు.

సైకిలు ముచ్చట విని మా చిన్నది అన్నం కలపడం ఆపేసింది. "మా సారు గూడ అంతే. నాది ఎడమకాలని ఆయనే కనిపెట్టిండు. నాక్కూడ తెల్వదు అప్పటిదాకా" అంది. అంతకంటే చెప్పలేదు. నేనూ తవ్వలేదు.

జకార్తాకి వెళ్లేనాటికే రహీంకి క్యాన్సర్. ఫైనల్‌కి ముందు ఆటగాళ్లని కూచోబెట్టి, రేపు నాకొక కానుక కావాలి, బంగారం తెచ్చిపెట్టండి అన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1962 సెప్టెంబర్ 4న దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి ఆ కానుక ఇచ్చారు. ఒక గోల్ బెనర్జీది. రెండోది, తలకి కుట్లతోనే బరిలోకి దిగిన జర్నైల్ సింగ్‌ది. ఆ తర్వాత తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. యాభై మూడేళ్లు.

మరి ప్లేయర్లు ఏం చేశారు? జకార్తా జట్టులో ఆడిన ఫార్చునాటో ఫ్రాంకో అన్న మాట ఒకటుంది. రహీం సాబ్ పోతూ పోతూ భారత ఫుట్‌బాల్‌ని కూడా తనతో పాటే సమాధిలోకి తీసుకుపోయారనే అర్థంలో అన్నాడు. బంగారు పతకం మెడలో వేసుకున్న మనిషి అన్న మాట! చదువుతుంటే నాకే గొంతు పట్టేసింది. బలరాం కూడా ఆ 1963లోనే, ఊపిరితిత్తుల జబ్బుతో పెద్ద ఆటకి దూరమయ్యాడు. అప్పటికి ముప్ఫై అయినా నిండలేదు. తర్వాత తనూ కోచ్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు.

కానీ ఫ్రాంకో అన్నది నూటికి నూరుపాళ్లూ లెక్క అనుకోవద్దు. అది దుఃఖం. ఎందుకంటే మరుసటేడే, 1964లో, హ్యారీ రైట్ అనే ఇంగ్లీషాయన కోచ్‌గా, చునీ గోస్వామి కెప్టెన్‌గా మనవాళ్లు ఆసియా కప్పులో రెండో స్థానం తెచ్చారు. రహీం నేర్పింది కాళ్లల్లో ఉంది, ఏడాదిలో ఎక్కడికి పోతుంది? 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం వచ్చినప్పుడు కూడా కెప్టెన్ హైదరాబాదీయే, సయ్యద్ నయీముద్దీన్. బండి ఆగింది ఆ తర్వాతే. ఆ కాంస్యమే మన ఫుట్‌బాల్‌కి ఏషియన్ గేమ్స్‌లో వచ్చిన ఆఖరి పతకం. ఒలింపిక్స్‌కైతే 1960 తర్వాత వెళ్లనేలేదు. నాకనిపించిందేమంటే, జట్టుకి కోచ్‌లు వస్తూనే ఉన్నారు. అమ్ముగూడ దాకా చూసే కన్ను, సైకిలు అద్దెకి జేబులో చెయ్యి పెట్టే మనిషి, వీటిని వెంటనే ఎవరు భర్తీ చేస్తారు?

"అంటే సారు లేకున్నా వాళ్లు ఆడిన్రు" అంది మా చిన్నది.

"ఆడారు."

"మరి నాకెందుకు ఆడబుద్ధయితలేదు?"

అప్పుడడిగాను, మూడు వారాల తర్వాత. ఏమయిందే అని. అంతా ఒక్కసారి బయటికొచ్చింది. కొత్త కోచ్‌కి దీని పేరు తెలీదు. "ఏయ్ పదకొండూ" అని బనీను మీది అంకెతో పిలుస్తాడు. ఎడమవైపు ముందు ఆడే పిల్లని తీసుకెళ్లి వెనక డిఫెన్స్‌లో నిలబెట్టాడు. గోల్ కొట్టే ఛాన్సే లేదు. ఏడుపొస్తే ఎవరూ చూడకుండా పంపు దగ్గరికెళ్లి మొహం కడుక్కుందట. ఇదంతా పెట్టుకుని మూడు వారాలు మాతో కూచుని అన్నం తిన్నది! ఇంకేమైనా ఉందా, ఏమైనా అన్నాడా, తాకాడా అని మా అత్తమ్మ భయం గుర్తుపెట్టుకుని అడిగాను. "ఛీ, అట్లాంటిదేం లేదమ్మా" అని నామీద విసుక్కుంది.

విసుక్కున్నా సరే, అడగాల్సిందే. మా అత్తమ్మ భయం కొట్టిపారేసేది కాదు. అలాగని ఆ భయానికి మందు పిల్లని ఇంట్లో కూచోబెట్టడమూ కాదు. స్పెయిన్ అమ్మాయిల సంగతి చూడండి. 2022లో ఆ దేశపు మహిళా జట్టులో 15 మంది, ఇక్కడి పరిస్థితులు మా మనసునీ ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తున్నాయి, మారేదాకా మమ్మల్ని జట్టుకి పిలవొద్దు అని ఫెడరేషన్‌కి రాసేశారు. కోచ్ హోర్హే విల్డా. ఫెడరేషన్ అమ్మాయిల మాట వినలేదు, కోచ్ పక్షానే నిలబడింది. ఆ పదిహేను మందిలో ముగ్గురే 2023 ప్రపంచకప్పులో ఆడారు. జట్టు కప్పు గెలిచింది. గెలిచినచోటే, పతకాలిచ్చే వేదిక మీదే, ఫెడరేషన్ అధ్యక్షుడు రూబియాలెస్ జెన్నీ హెర్మోసో అనే క్రీడాకారిణిని ఆమె ఇష్టంతో పని లేకుండా ముద్దు పెట్టుకున్నాడు. ఇక ఆటగత్తెలంతా ఒక్కటై, ఈ పెద్దలుంటే ఆడబోమన్నారు. సెప్టెంబర్‌లో విల్డాని తీసేశారు, అధ్యక్షుడు రాజీనామా చేశాడు. కోచ్‌గా మోంట్సే తోమే వచ్చింది. ఆ జట్టుకి ఓ మహిళ కోచ్ కావడం అదే మొదలు.

వాళ్లంటే పేరున్నవాళ్లు. ఉత్తరం రాస్తే ప్రపంచమంతా చదివింది. హన్మకొండలో పదమూడేళ్ల పిల్ల ఎవరికి రాస్తుంది? అమ్మకి చెప్పాలి. ఆ అమ్మేమో లోపల్లోపల హమ్మయ్య అనుకుంటూ కూచుంది.

మన దగ్గరా అమ్మాయిల జట్టుకి సార్లు మారడం కొత్తకాదు. నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ భారత జట్టులో ఆడుతున్న ఈ కొద్దికాలంలోనే స్వీడన్ నుంచి వచ్చిన డెన్నర్బీ, తర్వాత చావోబా దేవి, సంతోష్ కశ్యప్, క్రిస్పిన్ ఛెత్రీ... ఇంతమంది మారారు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి, ప్రతిసారీ మళ్లీ మొదటినుంచీ తనని తాను చూపించుకోవాలి. 2025 జూన్‌లో థాయ్‌లాండ్‌లో మంగోలియాని 13-0తో ఓడించినప్పుడు అందులో రెండు గోల్స్ సౌమ్యవి. జులైలో థాయ్‌లాండ్‌నీ 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఆసియా కప్పుకి అర్హత సంపాదించారు.

ఆ శనివారం పొద్దున్నే స్కూటీ తీసి గ్రౌండుకి వెళ్లాను. మూడేళ్లలో అదే మొదటిసారి. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. కొత్త కోచ్‌కి పాతికేళ్లుంటాయేమో, నన్ను చూసి వాడే కంగారు పడ్డాడు. మా అమ్మాయిది ఎడమకాలు బాబూ, ముందు ఆడేది అన్నాను. "తెల్వదు మేడమ్. ముప్ఫై మంది పిల్లలు, ఒక్కరి సంగతి గూడ కాయితం మీద లేదు. ఎత్తుందని వెనక పెట్టిన" అన్నాడు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. పేరు కూడా అడిగి రాసుకున్నాడు. కటువుగా మాట్లాడతాడు, నిజమే. గట్టిగా అరుస్తాడు. నాకంత నచ్చలేదు కూడా. కానీ పిల్లల్ని చూస్తున్నాడు.

అక్కడే మరో ముగ్గురు తల్లుల్ని పట్టుకున్నాను. వాళ్ల పిల్లలూ రేపో మాపో మానేసేలాగే ఉన్నారు. నలుగురం వంతులు వేసుకున్నాం, రోజుకొకరం మెట్ల మీద కూచునేటట్టు. మా అత్తమ్మ విని, "గట్లయితే సరే. నన్ను గూడ ఓ దినం తోల్కపో, నేను జూత్త వాన్ని" అన్నది. తీసుకెళ్లాను. ఆటంతా చూసి, వాడి గురించి ఒక్కమాట కూడా అనకుండా, "గంత అన్నం తినకుంటె ఎట్లురుకుతది గిది?" అని ఇంటికొచ్చి దీని కంచంలో ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

రెండు నెలలయింది. మా చిన్నది ఇంకా సగం రోజులు వెనకే ఆడుతోంది. కొత్తాయన్ని 'కోచ్' అంటుంది గానీ 'సారు' అనదు. ఆ మాట పాతాయనకే. ఆదివారం రాత్రుళ్లు ఆయనకి ఫోన్ చేసి వారమంతా ఏం జరిగిందో చెబుతుంది. మొన్న చాలాసేపు మాట్లాడి ఫోన్ పెట్టేసింది. ఏమన్నారే అంటే చెప్పలేదు. మంచం కింద దూరి బూట్ల సంచీ లాగుతూ, "రేపు నీ వంతే అమ్మా, లేట్ చెయ్యకు" అంది.