తేనెటీగలకు వానగండం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఏటేటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినాలు, మరపడవలు వేటకు కదలవు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఆ నిషేధం. ఒడ్డుననున్నవారు ఊరకుండరు, వలలు బాగుచేసికొందురు, పడవలకు రంగులు వేసికొందురు. సంపాదన లేని దినాలకు ముందుగానే ఇంత దాచుకొనుట అక్కడి ఇల్లాండ్రకు తెలిసిన విద్య. పెరటిలో తేనెపెట్టె ఉంచదలచినవారును ఆ విద్యనే నేర్వవలసియున్నది.

ఐరోపాలో తేనెటీగలకు గండం శీతకాలం. అక్కడి ఈగలు గుత్తిగా ముడుచుకొని, రెక్కలాడింపకయే ఛాతీ కండరాలను వణకించి వెచ్చదనం పుట్టించుకొని, దాచిన తేనె తిని నెలలు గడుపును. ఆ దేశాల పుస్తకాలు చదివి మనవారు పెట్టెలకు కంబళ్లు చుట్టనక్కరలేదు. అరకులోయలో నవంబరు, డిసెంబరు మాసాలే వలిసెపూల పండుగ. అప్పుడు ఈగలకు తీరిక ఉండదు. మన ఈగలను చంపునది ముసురు. అవి ఎగురలేవు, పూలలోని మకరందం నీట కలిసిపోవును. కవులు వసంతంలో తుమ్మెదను వర్ణించి ఊరకున్నారు. (తుమ్మెద వేరు, తేనెటీగ వేరు అన్నది మరొక సంగతి.) శ్రావణంలో పట్టులోని పస్తును ఎవరు చూచిరి?

కనుక ఏర్పాటు వేసవి చివరనే జరుగవలెను. పై తేనెగదిలోనిది తీసికొనవచ్చును; క్రింది పిల్లల గదిలోని తేనె ఈగల గాదె, దానిని ముట్టరాదు. అంతయు పిండుకొని పిదప పంచదార నీళ్లు పోయుట ఔదార్యం కాదు. నిజముగా చాలనప్పుడు మాత్రం పంచదార, నీరు సమపాళ్లలో కాచి చల్లార్చిన పానకం సాయంకాలం పెట్టెలోపల ఉంచవలెను. ఒక్క చుక్క బయట ఒలికినను పొరుగు ఈగలు దోపిడికి దిగును. చీమలెక్కకుండ పీట కాళ్ల క్రింద నీటిగిన్నెలు, నీరు నిలువకుండ పెట్టెకు ముందువైపు కొద్దిపాటి వాలు. ఈగలు కప్పని ఖాళీ పట్లను తీసివేయకున్న మైనపు పురుగు చేరును.

మన పుట్టతేనెటీగకు అభిమానం మెండు. ఆకలికి తాళలేనిచో యజమానిని నమ్ముకొని చావదు; గుంపుగా లేచిపోవును. ఉదయం చూచునప్పటికి ఖాళీ చట్రాలు.

ఆపై అక్టోబరు, నవంబరులు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విశాఖలో వేలాది చెట్లు కూలెను. నిలిచినవాటికి ఆకులు రాలిపోయెను. అట్టి గాలి తరువాత మరల పూవు పూచువరకు పానకమే దిక్కు. రేవులో ప్రమాద సూచిక ఎగిరిననాడు పెట్టె మూతపై రాయి ఉంచి, పీటతో కలిపి మోకుతో బిగించవలెను. గాలి తగ్గిన సాయంకాలమే మొదటి గిన్నె పానకం.