గాల్వెస్టన్, సబీన్, పామిటో: టెక్సస్‌లో జరిగిన చిన్న యుద్ధాలు



అమెరికా అంతర్యుద్ధం అనగానే ఇక్కడి స్కూళ్ళలో చదివే మన పిల్లలు గెట్టిస్‌బర్గ్, విక్స్‌బర్గ్ అని గడగడా చెప్పేస్తారు. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉంటూ, నాలుగు రోజులు సెలవులొస్తే గాల్వెస్టన్ బీచికి పరుగెత్తే మనలో చాలామందికి ఆ ఊరి రేవులోనే యుద్ధం జరిగిందని తెలియదు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. పని మీద ఊళ్ళు తిరుగుతూ దారి పక్కన కనిపించిన చారిత్రక ఫలకాలన్నీ ఆగి చదవడం మాత్రం అలవాటు. మా ఆవిడకి ఇది పెద్ద తలనొప్పి.

ఈ యుద్ధాలు చిన్నవే. కానీ టెక్సస్‌లో ఉన్న సుమారు 2,50,000 మంది బానిసలకి స్వేచ్ఛ ఆలస్యంగా అందడంలో వీటి పాత్ర చిన్నది కాదు.

1861లో దక్షిణాది రాష్ట్రాలు విడిపోగానే ఉత్తరాది నౌకాదళం వాళ్ళ రేవుల్ని దిగ్బంధం చేసింది. పత్తి అమ్ముడుపోతేనే దక్షిణాదికి తుపాకులొచ్చేది. టెక్సస్‌కి మాత్రం ఒక దొడ్డిదారి ఉంది. రియో గ్రాండే నది దాటితే మెక్సికో, అక్కడ ఈ దిగ్బంధం చెల్లదు. పత్తి బేళ్ళు బళ్ళ మీద బ్రౌన్స్‌విల్ చేరి, నది దాటి, మాతమోరోస్ మీదుగా యూరప్ ఓడలెక్కేవి. అయినా ఇంగ్లండు మిల్లులకి అది ఏ మూలకీ చాలలేదు. 1862లో బ్రిటన్ దిగుమతి చేసుకున్న పత్తిలో సగానికి పైగా మన దేశానిదే! యుద్ధం అయిపోగానే ఆ గిరాకీ, ఆ ధర పడిపోయాయి. పత్తి రైతు కష్టాల కథ అంత పాతది.

గాల్వెస్టన్‌ని ఉత్తరాదివారు 1862 అక్టోబరులో పట్టుకున్నారు. 1863 జనవరి 1 తెల్లవారుజామున దక్షిణాది జనరల్ మాగ్రూడర్ మళ్ళీ దాడి చేశాడు. మామూలు స్టీమర్ల చుట్టూ పత్తి బేళ్ళు గోడలా పేర్చి, వాటినే యుద్ధనౌకలుగా వాడాడు. ఉత్తరాది ఓడ హారియెట్ లేన్ చిక్కింది, ఊరూ చిక్కింది. ఆ ఓడలో ప్రాణాలు వదులుతున్న ఎడ్వర్డ్ లీ అనే అధికారి దగ్గరికి శత్రుసైన్యం నుంచి ఒక మేజరు పరుగున వచ్చాడు. ఆయన కన్నతండ్రే. ఇంకొక సంగతి చూడండి. దక్షిణాది బానిసలకి విముక్తి ప్రకటిస్తూ లింకన్ సంతకం చేసింది సరిగ్గా ఆ రోజే. ఆ కాగితాన్ని అమలు చేయవలసిన సైన్యం అదే రోజున టెక్సస్‌లో అడుగు పెట్టే చోటు పోగొట్టుకుంది.

అదే ఏడాది సెప్టెంబరు 8న బ్యూమాంట్‌కి దిగువన సబీన్ పాస్ దగ్గర మళ్ళీ ప్రయత్నించారు. నాలుగు గన్‌బోట్లు, వెనక ఓడల్లో సుమారు 5,000 మంది సైనికులు. ఎదురుగా మట్టికోటలో ఆరు ఫిరంగులు, 40 మందికి పైగా మనుషులు, అంతే. వాళ్ళ నాయకుడు డిక్ డౌలింగ్ ఐర్లండ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో సారా దుకాణం నడిపినవాడు. ఓడలు వచ్చే దారిలో ముందే గుంజలు పాతించి, దూరాలు చూసుకుని గురి సాధన చేయించాడు. మా భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లోకి వెళ్ళకముందే టెస్టింగ్ పూర్తయిందన్నమాట. గంట లోపల రెండు గన్‌బోట్లు, 300కి పైగా ఖైదీలు దొరికారు. డౌలింగ్ మనుషుల్లో ఒక్కరూ పోలేదు. మిగతా ఓడలు న్యూ ఆర్లియన్స్‌కి తిరుగుముఖం పట్టాయి.

ఇంతవరకూ వింటే మనకీ చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కానీ ఆ కోట కట్టింది బానిసలు. పైగా, టెక్సస్‌లోకి ఉత్తరాది సైన్యం రాలేకపోతోందని తెలిసి, లూయిసియానా లాంటి చోట్ల యజమానులు తమ బానిసల్ని వేల సంఖ్యలో ఇక్కడికి తోలుకొచ్చారు. విముక్తికి అందకుండా మనుషుల్ని దాచుకునే చోటు అయింది టెక్సస్. డౌలింగ్‌కి 1905లో హ్యూస్టన్‌లో విగ్రహం పెట్టారు. 2020లో నగరమే దాన్ని తీసేసింది. యుద్ధవిద్య దృష్టితో డౌలింగ్‌ని మెచ్చుకోవడంలో తప్పు లేదు గానీ, ఆ గెలుపు ఎవరి మెడకి ఉరైందో కూడా పిల్లలకి చెప్పాలని నా అభిప్రాయం.

ఇక పామిటో రాంచ్. 1865 ఏప్రిల్ 9న వర్జీనియాలో జనరల్ లీ లొంగిపోయాడు. అయినా మే 12, 13 తేదీల్లో బ్రౌన్స్‌విల్ దగ్గర మళ్ళీ తుపాకులు పేలాయి. ఎందుకు పోరాడారన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అంతర్యుద్ధంలో ఆఖరిదని చెప్పే ఈ పోరులో గెలిచింది, విచిత్రంగా, యుద్ధం ఓడిపోయిన దక్షిణాదే! జూన్ 19న జనరల్ గ్రేంజర్ గాల్వెస్టన్‌లో విముక్తి ఉత్తర్వు వెలువరించాకే టెక్సస్ బానిసలకి ఆ కబురు అధికారికంగా అందింది. 2021 నుంచి ఆఫీసులకి సెలవిస్తున్న జూన్‌టీన్త్ అదే. లింకన్ ప్రకటనకీ దీనికీ మధ్య దాదాపు రెండున్నరేళ్ళు.

పామిటోలో ఉత్తరాది తరఫున పోరాడినవారిలో 62వ నల్లజాతి పదాతిదళం ఉంది. మిస్సోరీ నుంచి వచ్చిన వాళ్ళలో చాలామంది అంతకుముందు బానిసలే, అక్షరం ముక్క రానివాళ్ళే. సైన్యంలో ఉండగా చదవడం నేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక తమ జీతాల్లోంచి డబ్బు పోగుచేసి, మరో నల్లజాతి దళాన్ని కూడా కలుపుకుని, సొంత రాష్ట్రంలో ఒక బడి పెట్టించారు. 1866లో జెఫర్సన్ సిటీలో అందులో తరగతులు మొదలయ్యాయి. ఇప్పుడు దాని పేరు లింకన్ యూనివర్సిటీ.