పొట్టి రన్‌వే, నెమ్మది వేగం

పొట్టి రన్‌వే మీద దిగాలంటే విమానం బాగా నెమ్మదించాలి. చిక్కంతా అక్కడే. వేగం తగ్గేకొద్దీ రెక్కలకు మోసే బలం తగ్గుతుంది, తోక దగ్గరి రడ్డర్ కూడా మాట వినడం తగ్గిస్తుంది. విమానం ఎంత దూరంలో ఆగిందో కొలవడం తేలికే. ఆ వేగంలో అది పైలట్ చేతికి ఎంతవరకు లొంగుతుందో తేల్చడమే కష్టం.

1965లో తొలిసారి ఎగిరిన కెనడా విమానం ట్విన్ ఆటర్ పొట్టి రన్‌వే విమానాల్లో పెద్దన్నలాంటిది. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్‌లు దించితే, విమానాన్ని పక్కలకు వాల్చే పలకలైన ఐలెరాన్లు కూడా కొంత వాలి, రెక్క పొడవునా మోసే బలాన్ని (లిఫ్ట్) పెంచుతాయి.

మామూలు వేగంలో ముక్కు కాస్త ఎత్తితే విమానం దిగడం నెమ్మదిస్తుంది. వేగం మరీ తగ్గాక లెక్క తిరగబడుతుంది. ముక్కు ఎత్తితే గాలి నిరోధం పెరిగి, ఉన్న వేగమూ పోయి, విమానం మరింత కుంగుతుంది. అప్పుడు దిగే దారిని ఇంజిన్ శక్తిని మార్చే థ్రాటిల్‌తో, వేగాన్ని ముక్కుతో సరిదిద్దాలి. ఏళ్ల తరబడి ఇంకోలా అలవాటైన చేతులకు ఇది తలకిందుల వ్యవహారం.

అందుకే ఇలాంటి విమానాల పరీక్షలు నేలకు చాలా ఎత్తున, పొరపాటు దిద్దుకునే వీలున్నచోట మొదలవుతాయి. రెక్కలు మోసే బలాన్ని ఒక్కసారిగా కోల్పోయే స్థితికి, అంటే స్టాల్‌కు ముందు విమానం ఏ హెచ్చరిక ఇస్తుందో చూస్తారు. తర్వాత ఒక ఇంజిన్ శక్తి తగ్గిస్తారు. రెండో ఇంజిన్ విమానాన్ని పక్కకు తిప్పేస్తుంటే, రడ్డర్ దాన్ని ఏ వేగం వరకు ఆపగలదో తేలాలి. ఆ హద్దు తెలియకుండా దిగే వేగాన్ని నిర్ణయించడం జూదమే.

పైలట్ అభిప్రాయాన్ని అంకెగా మార్చేది 1969 నాటి కూపర్–హార్పర్ కొలమానం. 1 నుంచి 3 వరకు తృప్తికరం. 10 వస్తే అదుపు తప్పినట్టే. అంకె విమానానికి మాత్రమే కాదు, అప్పగించిన పనికి కూడా చెందుతుంది. ప్రశాంతమైన ఉదయం 3 తెచ్చుకున్న విమానం ఈదురుగాలిలో 6కు జారవచ్చు. మన దేశంలో ఈ పరీక్షలు చేసే టెస్ట్ పైలట్లకు బెంగళూరులోని వైమానిక దళ పాఠశాల శిక్షణ ఇస్తోంది.

వేడి సంగతి వేరు. ఉదాహరణకు, రాయ్‌పూర్ విమానాశ్రయం సముద్రమట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. మే నెలలో ఎండ 44 డిగ్రీలకు చేరితే, పలుచబడిన గాలి వల్ల విమానానికి అది సుమారు 1,400 మీటర్ల ఎత్తులోని రన్‌వేతో సమానం. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, నేల మీద పరుగు పెరుగుతుంది, నేల నుంచి లేచే వేడిగాలి కుదుపులు తోడవుతాయి. పరీక్షల్లో తేలిన విలువలను ఉష్ణోగ్రత, ఎత్తు, బరువుల వారీగా పట్టికలుగా కట్టేది ఇందుకే. ఎండ ముదిరిన వేళ ప్రయాణికులనో సామాన్లనో తగ్గించి బయల్దేరాల్సి వస్తే, ఆ లెక్క ఆ పట్టికల్లోదే.