మలేరియా మరణాల నివారణకు సకాలంలో రక్త పరీక్షే మార్గం
వర్షాలు తగ్గిన తరువాతా అప్రమత్తత అవసరం

బుచ్చయ్యపేట: దేశంలో మలేరియా గణనీయంగా తగ్గుముఖం పట్టింది. 1947లో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి వ్యాధి సోకగా, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. 2015లో 11,69,261 కేసులు, 384 మరణాలు నమోదు కాగా, 2023 నాటికి కేసులు 2,27,564కు, మరణాలు 83కు తగ్గాయి. 2030 నాటికి వ్యాధిని పూర్తిగా నిర్మూలించాలన్నది జాతీయ లక్ష్యం. అయినప్పటికీ, చికిత్సతో నయమయ్యే ఈ జ్వరం ప్రాణాంతకంగా మారడానికి పరీక్షలో, చికిత్సలో జరిగే జాప్యమే ప్రధాన కారణమవుతోంది.

వానలకు, జ్వరాలకు మధ్య వ్యవధి

వానలు పడిన వెంటనే మలేరియా పెరగదు. అనాఫిలిస్ దోమ గుడ్డు దశ నుంచి ఎదగడానికి సుమారు 10 రోజులు, దోమ శరీరంలో పరాన్నజీవి వృద్ధి చెందడానికి 10 నుంచి 14 రోజులు, కుట్టిన తరువాత మనిషిలో లక్షణాలు కనిపించడానికి మరో రెండు వారాలు పడుతుంది. గాలిలో తేమ అధికంగా ఉన్నప్పుడు దోమ ఎక్కువ కాలం జీవిస్తుంది. అందువల్ల వర్షాలు తగ్గిన తరువాత కూడా జ్వరాలు కొనసాగుతాయి.

మన్యం, మైదానం రాకపోకలు

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని బుచ్చయ్యపేట మండలం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో భాగమైంది. ఈ మండలంలోని వడ్డాది మీదుగా మాడుగుల, పాడేరు ప్రాంతాలకు నిత్యం రాకపోకలు సాగుతుంటాయి. మన్యంలోని కొండవాగుల్లో ఒక జాతి, మైదానంలోని చెరువులు, బావులు, పొలాల నీటిలో మరొక జాతి అనాఫిలిస్ దోమలు వృద్ధి చెందుతాయి. జ్వరంతో ప్రయాణించిన వ్యక్తి నుంచి వ్యాధి కొత్త గ్రామానికి వ్యాపించే అవకాశం ఉంది.

మందులు మధ్యలో మానరాదు

ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకు, మూత్రపిండాలకు హాని కలిగించి ప్రాణాల మీదికి తెస్తుంది. వైవాక్స్ రకం కాలేయంలో దాగి, నెలల తరువాత తిరగబెడుతుంది. కనుకనే దీనికి 14 రోజుల ప్రైమాక్విన్ చికిత్స నిర్దేశించబడింది. గర్భిణులకు, పసిబిడ్డలకు ఈ మందు ఇవ్వరాదు. జ్వరం తగ్గిందని మందులు మధ్యలో మానివేయడం ప్రమాదకరం.

జ్వరం వచ్చిన తొలి రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ, ఆశా కార్యకర్త వద్ద గానీ ఉచితంగా రక్త పరీక్ష చేయించుకోవాలి. వారానికి ఒక రోజు నీటి తొట్లను ఖాళీ చేసి ఆరబెట్టాలి. దోమతెరలు తప్పనిసరిగా వాడాలి. కేసులు తగ్గాయన్న కారణంతో క్షేత్రస్థాయి సిబ్బంది జ్వర సర్వేను సడలించరాదు.