గాలి సోకితే సూది వేయించకూడదా?

"గాలి సోకిన మనిషికి సూది వేయిస్తే ప్రాణం పోతుంది" అనే మాట పల్లెల్లో ఇంకా నడుస్తోంది. అది చేసే చెరుపు ఇంతా అంతా కాదు. నిన్నటిదాకా కాలేజీకి వెళ్లిన పిల్ల ఉన్నట్టుండి నిద్ర మానేస్తుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది, మూతి వంకర్లు తిప్పుతుంది, కొయ్యబారిపోతుంది. ఇంకేం, వేపమండలు, మిరపకాయల పొగ మొదలు. ఊపిరి అందని స్థితికి వచ్చాకగానీ ఆస్పత్రి గుర్తురాదు. అప్పటికి చెయ్యిదాటిపోతే నింద సూది మీద! పొగ పెట్టినాయన దక్షిణ పుచ్చుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు.

సరిగ్గా ఇవే లక్షణాలతో వచ్చే జబ్బు ఒకటుంది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు కణాలు సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల మీద పడతాయి. అరుదైనదే, కానీ వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ. కొందరిలో అండాశయంలోని కణితి దీనికి మూలం. న్యూరాలజీ డాక్టరు జోసెప్ డాల్మౌ బృందం 2007లో దీని గుట్టు విప్పింది. వెన్నునీటి పరీక్షలో బయటపడుతుంది. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్లు వేళకు ఎక్కిస్తే చాలామంది కోలుకుంటారు. ప్రాణం నిలబెట్టేది ఆ సూదే మహాప్రభో!

అలాగని పూనకమంతా రోగమనీ, నాటకమనీ కొట్టిపారేసే పట్నం మేధావుల మాటా తప్పే. బోనాల్లో డప్పు దరువుకు ఊగి, కాసేపటికి మామూలైపోయే శివసత్తుకు ఏ జబ్బూ లేదు. ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగాల జాబితా ఐసీడీ-11 కూడా రుగ్మతగా లెక్కించదు.

గాలి ఖాతాలో పడేవి ఇంకా ఉన్నాయి. నిద్రలో గుండెల మీద కూర్చునేది దయ్యం కాదు, మెలకువ వచ్చినా ఒళ్లు కదలని నిద్ర పక్షవాతం. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, పేరు మాత్రం చేతిలో పెట్టిన తాళంచెవులకు.

"గుడికి తీసుకెళ్తే తగ్గింది" అంటారు. సరే, కొందరికి తగ్గుతుంది, కాదనను. మామూలప్పుడు నోరెత్తనివ్వని కోడలి గోడు, ఒంటిమీదకు అమ్మవారు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వింటారు. ఆ వినేదేదో రోజూ వింటే ఎవరొద్దన్నారు?

గుడికి వెళ్లండి, ముందు ఆస్పత్రికి వెళ్లండి. ప్రవర్తన మారడంతో పాటు జ్వరమో, ఫిట్సో, నిద్రలేమో ఉంటే ఆ రోజే న్యూరాలజీ డాక్టరుకు చూపించండి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. మానసిక రోగిని గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఎవరిని అడగాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.