బూడిద తెగులు, నల్లి: గంధకపు మందు వాడు విధము

శంషాబాదున విమానాశ్రయము 2008వ సంవత్సరమున తెరువబడిన పిమ్మట చుట్టుపట్ల పొలములనేకములు ఇండ్ల స్థలములైనవి. మిగిలిన నేలలో బెండ, వంగ, మిరప, గులాబీ పెంచి నగరమునకు చేర్చు సభ్యులకు బూడిద తెగులును నల్లియు తప్పని పీడలు. రెండును ఒకే బెండ చేనిలో కనబడుట కలదు.

ఆకుపై పిండి చల్లినట్లు తెల్లని పొర యేర్పడినచో అది బూడిద తెగులు. ఇది వానతో పనిలేక, పగలు పొడిగాను రాత్రి చల్లగాను ఉన్నపుడు ప్రబలును. ఆకు పైభాగమున సన్నని పసుపు చుక్కలును, అడుగున సాలెగూటివంటి దారములును ఉన్నచో అది ఎర్రనల్లి. మిరపయందు మాత్రము మోసపోరాదు. ఆకు అంచులు క్రిందికి ముడిచినచో నల్లి. పైకి ముడిచినచో తామరపురుగు. తామరపురుగునకు గంధకము చల్లుట డబ్బు దండుగ.

ఈ రెండు పీడలకును పూర్వము డైనోక్యాపు వాడెడివారు. అది ప్రయోగములందు కుందేళ్ల గర్భస్థ పిల్లలకు అంగవైకల్యము కలిగించెను. నల్లికి వాడిన డైకోఫాలు డి.డి.టి. నుండి తయారగునది. ఈ రెంటిని భారత ప్రభుత్వము 2023లో నిషేధించినది. పాత డబ్బా అటకపై మిగిలియున్నను, ఎవరైన చవుకగా ఇచ్చెదమన్నను, చేనికి కొనిపోవలదు.

మిగిలినది మన పాత గంధకమే. ఇంగ్లండులోని మార్గేటు పట్టణమున 1845లో టక్కరు అను తోటమాలి ద్రాక్షపై బూడిదను గుర్తించి గంధకమును సున్నమును వాడెను. హైదరాబాదు పరిసరముల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పెంచినవారికిని ఈ మందు క్రొత్తది కాదు.

నీట కలియు 80 శాతము గంధకపు పొడిని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలుపవలయును. ఎకరమునకు 200 లీటర్ల నీరు పట్టినచో 600 గ్రాములు. మొదట కొద్ది నీటిలో ముద్దగా చేసి పిదప తొట్టిలో పోసి, అడుగున పేరుకొనకుండ కలుపుచుండవలయును. నల్లి ఆకు అడుగున దాగును గావున పిచికారి ముక్కును క్రిందినుండి పైకి త్రిప్పనిదే ఫలము లేదు. తెగులు ముదిరిన పిమ్మట కంటె తొలి మచ్చ కనబడినప్పుడే చల్లుట మేలు.

గంధకము మిక్కిలి చలిలో మందగించును. 35 డిగ్రీలు దాటిన ఎండలో ఆకును కాల్చును. ఈ వ్రాయువాడు ఒక చైత్రమున మధ్యాహ్నవేళ దోసపాదులపై చల్లి, మూడవనాటికి ఆకులన్నియు మాడ్చుకొనెను. దోస, గుమ్మడి జాతులు దీనిని సహింపవు. వాడదలచినవారు మొదట నాలుగు పాదులపై చూచుకొనవలెను. వేపనూనె గాని మరి యే నూనె గాని చల్లిన రెండు వారముల వరకు గంధకము చల్లరాదు.

పిచికారి చేయువారు కన్నులకు అద్దములు, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. తొట్టి కడిగిన నీటిని హిమాయత్‌సాగరమునకు పోవు వాగులలో పోయక చేనిగట్టుననే పారబోయవలెను.