సమాజశాస్త్ర పరిశోధనలో దత్తాంశాలు

వ్యక్తులు, సమూహాలు, సంస్థల గురించి పరిశోధన కోసం క్రమపద్ధతిలో సేకరించిన సమాచారాన్ని సమాజశాస్త్రంలో దత్తాంశాలు అంటారు. వీటిని డేటా అని కూడా వ్యవహరిస్తారు. సేకరణను బట్టి ఇవి ప్రాథమిక, ద్వితీయ దత్తాంశాలు; స్వభావాన్ని బట్టి పరిమాణాత్మక, గుణాత్మక దత్తాంశాలు. చిలకలూరిపేట పరిసరాల్లో పత్తి, మిరప పండించే గ్రామాలను ఉదాహరణగా తీసుకుంటే ఈ భేదాలు సులభంగా బోధపడతాయి.

ప్రాథమిక దత్తాంశాలు

పరిశోధకుడు స్వయంగా సేకరించేవి ప్రాథమిక దత్తాంశాలు. ప్రశ్నావళి, ముఖాముఖి, పరిశీలన ఇందుకు ముఖ్య సాధనాలు. మిరపకోతకు వచ్చిన కూలీలను కలిసి వారి స్వగ్రామం, కూలి, అప్పుల వివరాలు అడిగి రాసుకోవడం ఇటువంటిదే. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటపై ఎస్.సి.దూబే 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’ గ్రామంలో జరిపిన క్షేత్ర అధ్యయనంపై ఆధారపడింది.

ద్వితీయ దత్తాంశాలు

ఇతరులు వేరే ప్రయోజనం కోసం సేకరించినవి ద్వితీయ దత్తాంశాలు. జనాభా లెక్కలు, భూమి రికార్డులు, పాత పత్రికలు ఈ కోవకు చెందుతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యలపై వెలువరించిన గ్రంథానికి ప్రభుత్వ గణాంకాలే ప్రధాన ఆధారం. వీటిని వాడేటప్పుడు సరిహద్దుల మార్పును గమనించాలి. 2011 జనాభా లెక్కల్లో చిలకలూరిపేట గుంటూరు జిల్లాలో ఉంది. 2022లో పల్నాడు జిల్లాలో చేరింది. కనుక రెండు కాలాల జిల్లా అంకెలను నేరుగా పోల్చరాదు.

పరిమాణాత్మక, గుణాత్మక దత్తాంశాలు

సాగు చేసిన ఎకరాలు, చెల్లించిన కౌలు, అప్పు మొత్తం వంటివి అంకెల్లో చెప్పగలిగే పరిమాణాత్మక దత్తాంశాలు. నష్టం వచ్చినా రైతు మరుసటి ఏడు మళ్ళీ పత్తి ఎందుకు వేశాడో అతని మాటల్లో తెలిపేది గుణాత్మక దత్తాంశం. మొదటిది ఎంత అని చెబుతుంది, రెండవది ఎందుకు అని వివరిస్తుంది.

నిర్వచనాల ప్రభావం

ఒకే వ్యక్తి ఒక లెక్కలో కనిపించి మరొక లెక్కలో కనిపించకపోవచ్చు. జనాభా లెక్కల ప్రకారం కౌలురైతు కూడా సాగుదారుడే. పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రం భూయజమాని పేరే ఉంటుంది. అలాగే సంవత్సరంలో ఆరు నెలల కంటే తక్కువ పని చేసినవారిని 2011 జనాభా లెక్కలు ఉపాంత పనివారిగా పరిగణించాయి. మిరపకోతల కాలంలో మాత్రమే కూలికి వెళ్ళే స్త్రీలు ఈ వర్గంలోకి వస్తారు.

నమోదు కాని సంఘటనలు

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ వల్ల పత్తి పంట దెబ్బతిని, అప్పులపాలైన రైతులు కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ రైతుల ఆత్మహత్యలను ప్రత్యేకంగా లెక్కించడం 1995లో ప్రారంభమైంది. అందువల్ల ఆ మరణాలు రైతుల మరణాలుగా ఆ పట్టికల్లో కనిపించవు. పట్టికలో లేనంత మాత్రాన సంఘటన జరగలేదని భావించరాదు. నాటి పత్రికలు, కుటుంబ సభ్యుల జ్ఞాపకాలు ఇక్కడ ఆధారమవుతాయి. జ్ఞాపకాల్లోనూ పొరపాట్లు ఉండవచ్చు కనుక పరిశోధకులు భిన్న రకాల దత్తాంశాలను ఒకదానితో ఒకటి సరిచూసుకుంటారు. ఇటువంటి వివరాలను ఆయా కుటుంబాల సమ్మతితోనే సేకరించి, వారి పేర్లను గోప్యంగా ఉంచాలి.